గంటె అవ్వ బర్రెకు ఒక ముద్ద

ఆ రోజుల్లో ఉద్యోగమంటే జీతం కాదు, టోపీ. జనగామ సర్కారు బడిలో నాకు పంతులు పని దొరికిందని తెలిసినప్పుడు మా బాపు మొదట అడిగింది జీతం సంగతి కాదు, "టోపీ వాళ్లే ఇస్తరా, మనమే కొనుక్కోవాల్నా?" అని. మనమే కొనుక్కోవాలని తేలింది. ఎర్రటి రూమీ టోపీ, దాని మీద నల్లటి కుచ్చు, మెడ దాకా గుండీలున్న షేర్వాణీ, ఇవన్నీ తగిలించుకుని కురవి నుంచి బయలుదేరిన రోజున నాకు పందొమ్మిదేళ్లు. మీసం ఇంకా రావాలా వద్దా అని ఆలోచించుకుంటోంది. అద్దంలో నాకు మాత్రం ఒక తాలూకాకు సరిపడా అధికారి కనిపించాడు. (మా అమ్మకు కనిపించింది వేరు. "గా టోపీల చెమట పోస్తది, నడుమ నడుమ తీస్తుండు బిడ్డా" అంది.) మానుకోటలో రైలెక్కి, కాజీపేటలో బండి మారి జనగామలో దిగేదాకా నేను ఆ టోపీ తీయలేదు. దిగాక తీసి చూసుకుంటే నుదుటి చుట్టూ ఎర్రటి గీత పడి ఉంది. అధికారానికి ఆ మాత్రం నొప్పి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

అవి మంచి రోజులు కావని ఇప్పుడు తెలుసు, అప్పుడు నాకు సరిగా తెలియదు. పల్లెల్లో దొరల మీద సంఘం లేచింది, సంఘం మీద పోలీసులు, రజాకార్లు లేచారు. ఏ ఊరి మీద ఎప్పుడు దాడి జరుగుతుందో ఎవరికీ తెలియదు. బచ్చన్నపేట వైపు నుంచి ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి, మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని జనం జనగామకు వచ్చి చేరేవారు. వాళ్లను చూసి అయ్యో అనుకోని మనిషి ఉండేవాడు కాదు. కానీ పిలిచి అన్నం పెట్టాలంటే గుండె ధైర్యం కావాలి. పెట్టిన ఇంటికి సంఘం ఇల్లు అని పేరు పడేది, పేరు పడితే ఠాణాకు పిలుపొచ్చేది. అందుకని ఊరు ఊరంతా వాళ్లను చూసీ చూడనట్టు ఉండేది. నేనైతే నిజంగానే చూడలేదు. నా చూపంతా టోపీ కుచ్చు ఎటు ఊగుతోందన్న దాని మీదే ఉండేది.

స్టేషన్ వెనక సందులో గంటె అవ్వ ఇల్లు. బోర్డు లేదు, పేరు లేదు, పెంకుటిల్లు, ముందు పొడుగాటి వసారా. జనగామలో ఒంటరిగా ఉండే ఉద్యోగస్తులు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు మధ్యాహ్నం పూట అక్కడ బంతి కూర్చుని తినేవారు. అవ్వ అసలు పేరు ఎవరికీ తెలియదు. చేతిలో ఎప్పుడూ గంటె ఉండేది కాబట్టి గంటె అవ్వ. వడ్డించడానికి అదే, కుక్కను అదిలించడానికి అదే, మాట్లాడేటప్పుడు గాలిలో ఊపడానికీ అదే. మనిషి ఇంతే ఎత్తు, గొంతు మాత్రం స్టేషన్ దాకా వినిపించేది. ఎవరు వచ్చినా పక్కపక్కనే కూర్చోవాలి, కులం అడిగినవాడికి ఆ ఇంట్లో రెండో పూట అన్నం లేదు. మోదుగాకు విస్తరి నిండా అన్నం, పప్పు, ఒక కూర, పచ్చిపులుసు, చివర్లో పెరుగు. ఆ పెరుగు గురించి నేను ఇప్పటికీ ఒక పూటంతా మాట్లాడగలను. గంటెతో కోస్తే ముక్కగా లేచేది. పెరట్లో అవ్వకు ఒక బర్రె ఉండేది, ఆ పెరుగు దాని పుణ్యమే.

ఇక ఆ కుండ. వసారా చివర స్తంభం పక్కన ఒక నల్లటి మట్టికుండ, మెడ చుట్టూ సున్నంతో తెల్లటి గీత. విస్తట్లో అన్నం పడగానే, పప్పు తాకకముందే, బంతిలో ప్రతి మనిషీ శుభ్రమైన చేత్తో ఒక ముద్ద తీసి పక్కవాడికి అందించేవాడు. ముద్దలన్నీ చేతులు మారుతూ వెళ్లి ఆ కుండలో పడేవి. ఎవరూ ఏమీ అనేవారు కాదు. దాని మీద మూతపెట్టి అవ్వ మిగతావి వడ్డించేది. నేను మొదటి రోజే అది చూశాను. చదువుకున్నవాణ్ణి కదా, చూసిన వెంటనే అర్థం చేసుకున్నాను. మా ఇంట్లో కూడా దొడ్లో అచ్చం అలాంటి కుండే ఉంది, కుడితి కుండ. బియ్యం కడిగిన నీళ్లు, విస్తట్లో మిగిలిన మెతుకులు, కూరగాయల తొక్కలు అన్నీ అందులో పోసి సాయంత్రం బర్రెకు పెట్టేది అమ్మ. గంటె అవ్వ తెలివైనది, తినేవాళ్ల చేతే బర్రెను మేపిస్తోంది, పెరుగు అంత గట్టిగా రావడానికి కారణం ఇదన్నమాట అని తేల్చుకున్నాను. తేల్చుకుని, సర్కారు పంతులు బర్రెను మేపవలసిన అవసరం లేదని కూడా తేల్చుకున్నాను. నా విస్తట్లో అన్నమంతా నేనే తిన్నాను.

అలా పది పన్నెండు రోజులు గడిచాయి. నా కుడిపక్కన దర్జీ కూర్చునేవాడు. ఎదురుగా స్టేషన్లో పనిచేసే సిగ్నల్ అన్న. (వడ్డన చాలనడానికి రైలును ఆపినట్టు అరచెయ్యి నిటారుగా లేపేవాడు, అందుకని ఆ పేరు.) చివరి విస్తరి జమేదార్ సాబ్‌ది. ఠాణాలో పెద్దమనిషి, గుబురు మీసం, మాట తక్కువ. ఆయన కూడా బెల్టు వదులు చేసుకుని కూర్చుని, అందరిలాగే మొదటి ముద్ద తీసి అందించేవాడు. నా దగ్గరికి వచ్చేసరికి ముద్దల వరస ఒక్క క్షణం ఆగేది. దర్జీ నా చేతి వంక చూసేవాడు. నేను పప్పు కలుపుకునేవాణ్ణి. వరస నన్ను దాటుకుని ముందుకు పోయేది. ఒకరోజు సిగ్నల్ అన్న ఉండబట్టలేక, "సారూ, గా కుండ చూసినవా?" అన్నాడు. "చూసిన. మంచి కుండ" అన్నాను నేను. ఆయన తన విస్తట్లోకి తల వంచుకున్నాడు. ఆ రోజుల్లో అలాంటి సంగతి నోటితో విడమరిచి చెప్పరనీ, తెలిసినవాడికి తెలుస్తుంది, తెలియనివాడికి తెలియకపోవడమే మంచిదనీ ఊరుకునేవారనీ నాకేం తెలుసు?

ఇలా ఉండగా ఒకరోజు బడికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆయన వెళ్లేదాకా ఎవరికీ కదలడానికి లేదు. నేను అవ్వ ఇంటికి చేరేసరికి బంతి అయిపోయి, వసారా ఊడ్చి, అందరూ ఎవరి పనులకు వాళ్లు వెళ్లిపోయారు. నా కోసం ఉంచిన అన్నం అవ్వ విస్తట్లో పెట్టి లోపలికి వెళ్లింది. కూర కాకరకాయ. కాకరకాయకూ నాకూ చిన్నప్పటి నుంచీ పడదు. పప్పుతో కొంత తిన్నాను, పెరుగుతో కొంత తిన్నాను, ఇంకా సగం అన్నం, కూర మొత్తం మిగిలిపోయాయి. ఎదురుగా కుండ. లోపల పెరట్లోంచి బర్రె అరుపు. ఆ క్షణంలో నా మనసు కరిగింది. ఇన్ని రోజులు దాని పెరుగు తిని దానికి ఒక్క ముద్ద పెట్టలేదే అని నిజంగానే బాధపడ్డాను. లేచి, మూత తీసి, కలిపిన అన్నం, కాకరకాయ, పెరుగు, నంజుకుని వదిలేసిన మిరపకాయతో సహా నా ఎంగిలి విస్తరంతా ఆ కుండలో ఊడ్చాను. అంతటితో ఆగితే బాగుండేది. కుడితి పల్చగా ఉంటే బర్రె ఇష్టంగా తాగుతుందని గుర్తొచ్చి, నా చెంబులో మిగిలిన నీళ్లు కూడా పోశాను. చేత్తో ఒకసారి కలిపాను.

తల ఎత్తితే గుమ్మంలో అవ్వ నిలబడి ఉంది. చేతిలో గంటె కదలడం లేదు. అది కదలకపోవడం నేను చూడటం అదే మొదలు.

"ఏం జేస్తున్నవ్ పంతులూ?"

"బర్రెకు ఏస్తున్న అవ్వా. ఇన్ని దినాల సంది ఏయలే. నాదే తప్పు."

"ఏ బర్రెకు?"

"మన బర్రెకు."

అవ్వ కేకలేస్తుందని ఎదురుచూశాను. ఆమె గడప మీద కూర్చుండిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత లేచి, నా షేర్వాణీ చెయ్యి పట్టుకుని ఇంట్లోంచి పెరట్లోకి తీసుకెళ్లింది. అక్కడ పశువుల కొట్టంలో ఒక పక్కన బర్రె నెమరేస్తోంది. ఇంకో పక్కన గడ్డి పరుచుకుని ఒక ముసలమ్మ, ఆమె పక్కన ఒక బాలింత కూర్చుని ఉన్నారు. బాలింతకు నా వయసే ఉంటుంది, ఇంకా తక్కువే ఉంటుందేమో. ఒళ్లో పాతచీర ముక్కలో చుట్టిన పసిగుడ్డు. అది ఏడుస్తోంది, కానీ ఏడ్చే బలం కూడా లేక మధ్యమధ్యలో ఆగిపోతోంది. అక్కడ మూడు ఖాళీ విస్తళ్లు పరిచి ఉన్నాయి, ఇంకెవరైనా వస్తారేమోనని ఒకటి ఎక్కువే. ముసలమ్మ నన్ను, నా టోపీని చూసి గబుక్కున లేచి దండం పెట్టింది.

"వీళ్ల ఊరు ఖాళీ అయింది" అంది అవ్వ నాతో మెల్లగా. "తొవ్వల జొన్నచేన్ల కాన్పయింది గీ పిల్లకు. ఎనిమిది దినాలు. నిన్నటి సంది కడుపుల ఏం బడలే, పాలు పడుతలేవు. పొద్దుగాల వచ్చిండ్రు. బంతి అయి, నువ్వు గూడ తిని పోయినంక కుండ తెస్త, జర ఓపిక పట్టుండ్రి అని చెప్పిన."

కుండ ఎవరిదో నాకు అప్పుడు తెలిసింది. ఆ పిల్ల తినవలసిన అన్నంలో నేను నా ఎంగిలి కలిపి, నీళ్లు పోసి, చెయ్యి పెట్టి తిప్పాను. "అవ్వా, బజారుకు పోయి బియ్యం తెస్త" అన్నాను. అవ్వ ఒక్కసారి నా ముఖంలోకి చూసింది. "బజార్ల బియ్యమెక్కడియి బిడ్డా? సర్కారోళ్లు లెవీ కింద పట్టుకపోంగ మిగిలినయి దాసుకున్నోళ్లు ఇయ్యరు. రేపటి బంతికి నా దగ్గర ఇన్ని ఉన్నయ్, అయి పెట్టొచ్చు. గని నా కుండ ఒక్కరి చేతి అన్నం పట్టది."

అప్పుడు రెండు ముక్కల్లో చెప్పింది. అవ్వది కాళేశ్వరం దగ్గర గోదారి ఒడ్డు. నది పొంగితే పడవలు ఆగిపోయి యాత్రకొచ్చినవాళ్లు రోజుల తరబడి ఒడ్డున చిక్కుకునేవారట. తెచ్చుకున్నవి అయిపోయినవాళ్లు కొందరు, ఇంకా ఉన్నవాళ్లు కొందరు. వండుకున్న ప్రతి పొయ్యి దగ్గర నుంచీ ఒక ముద్ద తీసి ఒక కుండలో వేసేవారు. లేనివాళ్లు అందులోంచి తినేవారు. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరికి దండం పెట్టాలో తెలియదు. "గందుకే తినెటోని తల వంగది" అంది అవ్వ. ఆగి, గొంతు ఇంకా తగ్గించి, "ఇప్పుడు ఇంకోటి గూడ ఉన్నది. ఒక్క ఇంటోళ్లు పెడితే ఆ ఇంటి పేరు రాసుకుంటరు. ఇంతమంది పెడితే ఎవ్వని పేరు రాస్తరు?" అంది.

పాత కుండ తీసుకెళ్లి అందులో ఉన్నది తొట్టిలో కుమ్మరించింది. బర్రె వచ్చి మూతి పెట్టి, కాకరకాయ వాసన చూసి, పక్కకు తిప్పుకుంది. నేను ఎవరి కోసమైతే అంత దయతలిచానో ఆ జీవి కూడా ముట్టలేదు. అవ్వ అటకమీంచి కొత్త కుండ దించి కడిగింది, మెడకు సున్నం గీత గీసింది. పొయ్యి మీద గిన్నెలో అడుగున మిగిలిన అన్నం తీసి ముద్దచేసి అందులో వేసింది. "నాది మొదటిది. ఇగ పో. బంతిల ఎవ్వలెవ్వలు కూసుంటరో నీకెరుకే గద. అందరి చేతులు దీనిల పడాలె. జమేదార్ సాబ్‌ను ఇడిసిపెట్టకు" అంది. గిన్నె ఖాళీ. ఆ ముద్ద ఆమె తన కోసం ఉంచుకున్న అన్నమని నాకు సందు చివరి దాకా వెళ్లాక గాని తట్టలేదు.

షేర్వాణీ వేసుకుని మట్టికుండ మోయడం ఎలాగో ఏ బడిలోనూ నేర్పరు. చంకలో పెట్టుకుంటే జారింది. పొట్టకు ఆనించుకుంటే ఎదురుగా ఏముందో కనబడలేదు. చివరికి నెత్తి మీద పెట్టుకోవాల్సి వచ్చింది. నెత్తి మీద టోపీ ఉంది. నడిబజారులో నిలబడి నేను ఆ టోపీ తీసి చేత్తో పట్టుకుని, దాని స్థానంలో కుండ పెట్టుకున్నాను. (మధ్యమధ్యలో తీస్తుండమని అమ్మ చెప్పింది ఇందుకేనేమో.) నా తరగతి పిల్లలు ఇద్దరు ఎదురై, నిలబడి సలాం చేశారు. కుండ ఒక చేత్తో పట్టుకుని రెండో చేతిలోని టోపీతో నేనూ సలాం చేశాను. వాళ్లు నవ్వలేదు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది.

దర్జీ మిషను తొక్కుతూ నన్ను చూసి కాలు ఆపాడు. విషయం చెప్పాను, నా తప్పుతో సహా. అంతా విని, సాయంత్రానికి ఇంటి నుంచి తెచ్చుకున్న మూట విప్పి, రెండు జొన్నరొట్టెల్లో ఒకటి తీసి కుండలో వేశాడు. కొంచెం ఆలోచించి రెండోది కూడా వేశాడు. "ఇన్నిదినాల సంది నేననుకుంటున్న సారూ, సర్కారోళ్ల విస్తర్ల అన్నం తక్కువ పడుతదేమో అని" అన్నాడు, ఎంతో మర్యాదగా. సిగ్నల్ అన్న స్టేషన్ గదిలో ఉన్నాడు. నేను కథంతా చెప్పేసరికి నవ్వీ నవ్వీ బల్ల పట్టుకున్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, డబ్బాలోంచి దోసెడు అటుకులు తీసి పోశాడు. కుండను రెండు చేతులతో ఎత్తి నా నెత్తిమీద పెడుతూ, "మంచి కుండ" అన్నాడు. ఇంకా బజారులో నలుగురి దగ్గరికి వెళ్లాను. ఒకరు ఉడకబెట్టిన గింజలు, ఒకరు బెల్లం ముక్క, అలా తలా ఇంత. ఎవరూ లేదనలేదు, ఎవరూ ఎందుకని అడగలేదు. అందరూ నన్ను మాత్రం పైనుంచి కిందికి తీరిగ్గా చూశారు.

మిగిలింది ఠాణా. దాని గుమ్మం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ఎవరి కోసం పోలీసులు ఊళ్లు వెతుకుతున్నారో ఆ ఊళ్ల మనుషులకు అన్నం కోసం నేను పోలీసులనే అడగబోతున్నాను. తప్పించుకుని పోదామా అనుకున్నాను, కుండ దాదాపు నిండింది కదా అని. కానీ అవ్వ ఊరికే చెప్పదు. పైగా ఆ పసిగుడ్డు ఏడుపు ఆగి ఆగి రావడం నా చెవిలో ఇంకా ఉంది. లోపలికి వెళ్లాను. జమేదార్ సాబ్ కుర్చీలో ఉన్నాడు, గోడ వారగా ఇద్దరు జవాన్లు బెంచీ మీద కూర్చున్నారు. ఒకడు తుపాకీ తుడుస్తున్నాడు. ఇంతమందిలో నిజం చెప్పే దారి లేదు. అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు.

"క్యా మాస్టర్ సాబ్, నెత్తి మీద గిదేంది?"

నా నోటికి ఆ రోజు వచ్చిన మాట ఒక్కటే ఉంది. అదే వచ్చింది. "బర్రెకు సాబ్. గంటె అవ్వ బర్రెకు. అందరి దగ్గర ఇంతింత అడుగుతున్న."

జవాన్లిద్దరూ నవ్వారు. జమేదార్ సాబ్ నవ్వలేదు. కుండ మెడ మీది సున్నం గీత చూశాడు, నా చేతిలోని టోపీ చూశాడు, చెమటకు తడిసిన నా ముఖం చూశాడు. మీసం ఒకసారి సవరించుకున్నాడు. నా ప్రాణం ఆ మీసం చివర వేలాడింది.

"ఈనిందట గద" అన్నాడు.

తల ఊపాను. కుండ కూడా ఊగింది.

"పొద్దుగాల చూసిన, సందుల పోతుంటే. ఎట్లున్నది?"

"పాలు పడుతలేవు సాబ్."

ఆయన లేచి, బల్ల వెనక చెక్కపెట్టె తీశాడు. అందులోంచి గుడ్డలో కట్టిన చిన్న మూట తీసి ముడి విప్పాడు. ఖర్జూరాలు. కుండ అందుకోవడానికి చెయ్యి చాపి, అది నా నెత్తిమీద ఎత్తులో ఉండటం చూసి, నా చేతిలోని టోపీని వెల్లకిలా తిప్పి అందులో మొత్తం పోశాడు. "ఒక్కపారే పెట్టకుండ్రి. రోజుకిన్ని, పాలతోని. బలం వస్తది" అన్నాడు. తుపాకీ తుడిచే జవాను ఆశ్చర్యపోయి, "సాబ్, బర్రెలు ఖర్జూరం తింటయా?" అని అడిగాడు. "అవ్వ బర్రె తింటది" అన్నాడు జమేదార్ సాబ్, మళ్లీ కుర్చీలో కూర్చుని కాగితాలు ముందుకు లాక్కుంటూ.

నేను పెరట్లోకి తిరిగి వచ్చేసరికి పసిగుడ్డు ఏడవడం మానేసి ఉంది, కుండ దించి వంగి చూశాను. నిద్రపోతోందంతే. అవ్వ కుండలోంచి అన్నీ తీసి విస్తళ్లలో పెట్టింది, రొట్టెల మీద పచ్చిపులుసు పోసింది, ఒక గిన్నెలో అప్పుడే పితికిన పాలు పెట్టింది. (ఆ పాలు ఇచ్చింది మాత్రం నిజంగా బర్రే. దాని పట్ల నా గౌరవం అప్పటికీ తగ్గలేదు.) బాలింత చెయ్యి కడుక్కుని విస్తరి ముందు కూర్చుంది. రెండు రోజుల ఆకలి. నేను స్తంభం చాటున నిలబడి చూస్తున్నాను. ఆమె అవ్వ వేసిన అన్నం ముద్దను నోటి దాకా తీసుకెళ్లి ఆగింది. దాన్ని పక్కనున్న ఖాళీ విస్తట్లో పెట్టింది.

"అదెందుకు బిడ్డా, తిను" అంది అవ్వ.

"ఇంక తిననోళ్లు ఎవ్వలన్న ఉంటే" అంది ఆ పిల్ల.

అవ్వ పాలగిన్నె సర్దే పనిలో పడింది. నేనే చెప్పాను, ఆ రోజు నేను చేసిన ఒకే ఒక మంచి పని అది. "అవ్వ తినలే" అన్నాను. ఆ పిల్ల విస్తరిని ముందుకు జరిపింది. గంటె అవ్వ గంటె కింద పెట్టి, ఆ పిల్ల ఎదురుగా గడ్డి మీద కూర్చుని, తాను పొయ్యి దగ్గర నుంచి తీసి ఇచ్చిన తన ముద్దనే మళ్లీ తాను తిన్నది. నాకు ఏడుపొచ్చింది. టోపీ అడ్డం పెట్టుకుందామంటే నిండా ఖర్జూరాలున్నాయి.

మర్నాడు బడిలో నా టోపీలోంచి చీమలు దిగాయి. ముందు ఒకటి నుదుటి మీదికి వచ్చింది, తర్వాత దాని బలగం. పెద్ద పంతులు పాఠం మధ్యలో వచ్చి కాసేపు చూసి, ఉర్దూలో ఎంతో పద్ధతిగా, తమ టోపీలో ఎవరో నివాసముంటున్నట్టున్నారని సెలవిచ్చారు. ఎంత ఉతికినా ఆ తీపి వదల్లేదు. మధ్యాహ్నం బంతిలో నేను నా మొదటి ముద్ద తీసి దర్జీకి అందించాను. సిగ్గు కొద్దీ కొబ్బరికాయంత ముద్ద తీశాను. అవ్వ గంటెతో నా చెయ్యి ఆపి, "గంత పెద్దది వద్దు. నువ్వు గూడ బతకాలె" అంది. సిగ్నల్ అన్న తన ముద్ద అందిస్తూ, ఎటో చూస్తూ, "బర్రెకు" అన్నాడు. దర్జీ "బర్రెకు" అన్నాడు. వరస చివరి దాకా వెళ్లింది. జమేదార్ సాబ్ బెల్టు వదులు చేసుకుని, తన ముద్ద కుండలో వేసి, "బర్రెకు" అన్నాడు. కొన్నాళ్లకు పైనుంచి ఎవరో వచ్చి, పల్లెల వాళ్లకు ఈ సందులో ఎవరో తిండి పెడుతున్నారట కదా అని ఠాణాలో అడిగారట. అక్కడ నేనే తింటాను, అక్కడ మేసేది ఒక్క బర్రే అని జమేదార్ సాబ్ జవాబిచ్చాడని సిగ్నల్ అన్న చెప్పాడు. అందరి చేతులూ పడాలని అవ్వ ఎందుకన్నదో నాకు ఆ రోజు పూర్తిగా తెలిసింది.

బాలింత ముసలమ్మతో కలిసి ఎనిమిదో తొమ్మిదో రోజులు ఉండి, ఎవరో చుట్టాల ఊరికి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు పసిగుడ్డు గట్టిగా ఏడ్చింది, సందంతా వినబడేట్టు. అంత మంచి ఏడుపు నేను మళ్లీ వినలేదు. ఆ తల్లి పేరు నేను అడగలేదు, ఆ ఇంట్లో ఎవరూ అడగరు. తర్వాత రాజ్యం మారింది, టోపీ పోయింది, నా ఉద్యోగం మానుకోటకు, అక్కడి నుంచి భూపాలపల్లి వైపుకు పాకింది. అవ్వ పోయిన సంగతి నాకు ఆరు నెలలు ఆలస్యంగా తెలిసింది. ఆ రోజు నేను బడి నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని, ముద్ద తీసి, ఎవరికి అందించాలో తెలియక చాలాసేపు చేత్తో పట్టుకునే ఉన్నాను.

నాకు ఎనభై ఏళ్లు దగ్గరపడ్డాయి ఇప్పుడు. ఈ మధ్య ఏదో పని మీద జనగామ వెళ్లి, బస్టాండు పక్కన ఒకామె నడిపే చిన్న మెస్సులో భోజనానికి కూర్చున్నాను. మధ్యాహ్నం దాటిపోయింది, నేనొక్కణ్ణే మిగిలాను. అన్నం పెట్టగానే అలవాటుగా చెయ్యి మొదటి ముద్ద తీసి విస్తరి పక్కన పెట్టింది. ఆమె గంటె పట్టుకుని వచ్చి చూసి కంగారుపడింది.

"ఏమైంది తాతా, అన్నంల ఏమన్న వచ్చిందా?"

"ఏం లేదు బిడ్డా. బర్రెకు."

ఆమె వాకిట్లోకి చూసింది. బస్సులు తప్ప ఏమీ లేవు. నా వంక చూసింది, ఈసారి కొంచెం జాలిగా. నాకు నా మీదే నవ్వొచ్చి, "ఉత్తగన్న బిడ్డా. ఇంక తిననోళ్ల కోసం" అన్నాను.

"అయితే నాకే ఇయ్యి తాతా. పొద్దటి సంది చాయ్ తోనే ఉన్న" అని నవ్వి, ఆ ముద్దను అరిటాకు ముక్కలో తీసుకుని లోపలికి వెళ్లింది. వంటింట్లో ఆమె దాన్ని తిన్నదో, ముసలాయన మనసు నొప్పించకుండా తీసుకెళ్లి బకెట్లో వేసిందో నాకు తెలియదు. పందొమ్మిదేళ్లప్పుడైతే చూసిన వెంటనే అర్థం చేసుకుని ఉండేవాణ్ణి.